ఇనుప చరిత్ర – 7: బ్రౌనింగ్ తుపాకీ, చెల్లాచెదురైన విడిభాగాలు

ఫ్రాన్స్ కందకాల్లో అమెరికన్ సైనికుల్ని షోషా తుపాకీ ఎంత ఏడిపించిందో గత భాగంలో చూశాం. దాని మ్యాగజైన్ ఒక పక్క తెరిచి ఉండేది. అందులోకి బురద చేరి సరిగ్గా అవసరమైన వేళకి మొరాయించేది. ఆయుధ శాఖ అధిపతి విలియం క్రోజియర్‌తో పడక కర్నల్ ఐజాక్ లూయిస్ తన తుపాకీని చంకన పెట్టుకుని యూరప్ వెళ్లిపోయిన సంగతీ చెప్పుకున్నాం. ఇద్దరు పెద్దమనుషుల పంతం వల్ల ఒక దేశం చేతిలో సరైన ఆయుధం లేకుండా యుద్ధంలోకి దిగింది. ఆ లోటు తీర్చడానికి వచ్చిన బ్రౌనింగ్ ఆటోమేటిక్ రైఫిల్ కథ ఈ భాగం. దాని ఇంగ్లిష్ పేరులోని మొదటి అక్షరాలు బీఏఆర్. మనం కలిపి ‘బార్’ అందాం.

బార్ గురించి యుద్ధ చరిత్రలు చాలానే చెప్పాయి. యుద్ధాలు ముగిశాక దానికి ఏమైంది, దాని సంచులు, బెల్టులు, మడమలు (భుజానికి ఆనించే వెనక భాగాలు), మ్యాగజైన్ల కోసం అమెరికాలో కొందరు జీవితాంతం ఎందుకు వెతుకుతూ ఉంటారు అన్నది అంతగా ఎవరూ చెప్పని సగం. ఈ వారం ఆ రెండో సగానికే ఎక్కువ చోటిద్దాం.

కాంగ్రెస్ హైట్స్‌లో మోగిన తుపాకీ

1917 ఫిబ్రవరి 27. వాషింగ్టన్ నగరపు దక్షిణ కొసన కాంగ్రెస్ హైట్స్ అనే చోట దాదాపు 300 మంది గుమిగూడారు. సైనికాధికారులు, సెనేటర్లు, పత్రికలవాళ్లు, విదేశీ ప్రతినిధులు. అందరూ చూడవచ్చింది 62 ఏళ్ల జాన్ మోసెస్ బ్రౌనింగ్ తయారుచేసిన రెండు తుపాకుల్ని. యూటా రాష్ట్రం ఆగ్డెన్‌లో తుపాకులు బాగుచేసే తండ్రి దగ్గర పని నేర్చుకున్న మనిషి ఆయన. ఆయన తెచ్చిన రెండింటిలో ఒకటి నీటితో చల్లబడే మెషిన్ గన్. రెండోది ఒక్కడే మోసుకుపోతూ పేల్చగల ఆటోమేటిక్ రైఫిల్. 20 తూటాల మ్యాగజైన్, ఏడు కిలోల పైచిలుకు బరువు.

చూసినవాళ్లు అక్కడికక్కడే మెచ్చుకున్నారు. ఏప్రిల్ 6న అమెరికా యుద్ధం ప్రకటించేసరికి బేరాలకు సమయం లేకుండా పోయింది. బ్రౌనింగ్ కూడా బేరమాడలేదు. తన ఆయుధాల హక్కుల కోసం ప్రభుత్వం ఇవ్వజూపిన 7,50,000 డాలర్లకు ఒప్పుకున్నాడు. రాయల్టీ లెక్కన పట్టుబట్టి ఉంటే అంతకు ఎన్నో రెట్లు వచ్చేది.

ఈ తుపాకీ వెనక ఒక యుద్ధతంత్రం ఉంది. సైనికుడు కందకం దాటి శత్రువు వైపు నడుస్తూనే, నడుము దగ్గర తుపాకీ పట్టి పేలుస్తూ పోవాలి. ఎదుటివాడు తల ఎత్తకూడదు. ఫ్రెంచివారి ఆలోచన ఇది. దీనికోసం ప్రత్యేకంగా ఒక బెల్టు కుట్టించారు. కుడివైపు దానికి ఒక లోహపు గిన్నె బిగించి ఉంటుంది. తుపాకీ మడమను అందులో ఆనించి, భుజాన వేసుకున్న పట్టీతో బరువు మోస్తూ సైనికుడు నడవాలి. ఆ గిన్నె బెల్టును గుర్తుంచుకోండి. చివర్లో దానితో పని ఉంది.

మూడు కార్ఖానాలు, ఒకదానికి ఒకటి అతకని ముక్కలు

తయారీ హక్కులు హార్ట్‌ఫర్డ్‌లోని కోల్ట్ కంపెనీవి. ఆ కంపెనీకేమో అప్పటికే బ్రిటన్ కోసం వికర్స్ తుపాకుల ఆర్డర్లతో ఊపిరాడటం లేదు. దాంతో పని న్యూ హేవెన్‌లోని వించెస్టర్‌కూ, మార్లిన్-రాక్‌వెల్‌కూ పంచారు. మూడూ ఒకే రాష్ట్రంలో ఉన్న కంపెనీలు, మూడూ పోటీదారులు.

ముందుగా తయారీ మొదలెట్టింది వించెస్టర్.  తొందరలో ఒక పెద్ద పొరపాటు జరిగిపోయింది. మొదటి 1,800 తుపాకులు తయారయ్యాక చూస్తే ఒకదాని ముక్క మరొకదానికి అతకడం లేదు. యుద్ధరంగంలో విరిగిన భాగం తీసి వేరే తుపాకీలోది పెట్టుకోవడానికి వీలు లేకపోతే సైన్యానికి ఆ తుపాకీతో పనేముంది? తయారీ ఆపేశారు. కొలతలు సరిదిద్దాక మళ్లీ మొదలెట్టారు. యుద్ధం ముగిశాక 1919లో ఉత్పత్తి ఆగేనాటికి మూడు కంపెనీలూ కలిపి లక్షా రెండు వేల పైచిలుకు తుపాకులు చేశాయి. అందులో సగానికి కాస్త తక్కువ వించెస్టర్‌ది, తర్వాతి వాటా మార్లిన్-రాక్‌వెల్‌ది, అన్నిటికన్నా తక్కువ కోల్ట్‌ది. కోల్ట్ ముద్ర ఉన్న పాత తుపాకీ దొరకడం కష్టమని సేకర్తలు అనేది అందుకే.

తుపాకులు ఫ్రాన్స్ చేరినా అక్కడి అమెరికన్ సేనల అధిపతి జనరల్ పెర్షింగ్ వాటిని వెంటనే రంగంలోకి దించలేదు. చాలినన్ని చేతికి రాకముందే ఒకటి జర్మన్లకు చిక్కితే చూసి నకలు చేసేస్తారని ఆయన భయం. చివరికి 1918 సెప్టెంబరులో 79వ డివిజన్ బార్‌ను యుద్ధరంగానికి తీసుకెళ్లింది. ఆ డివిజన్‌లోనే బ్రౌనింగ్ కొడుకు లెఫ్టినెంట్ వాల్ బ్రౌనింగ్ ఉన్నాడు. తండ్రి చేసిన తుపాకీని కొడుకు శత్రువు ఎదుట పేల్చాడు. నవంబరు 11న యుద్ధం ముగిసింది. అంటే ఆ తుపాకీ మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసింది రెండు నెలలే.

దొంగలు, పోలీసులు, 200 డాలర్లు

శాంతికాలంలో బార్‌లు నేషనల్ గార్డ్ ఆయుధాగారాల్లో గ్రీజు పూసుకుని పడుకున్నాయి. వాటిని లేపింది దొంగలు. క్లైడ్ బారో ఆ ఆయుధాగారాలకు కన్నాలు వేసి బార్‌లు ఎత్తుకుపోయేవాడు. కారులో పట్టేలా గొట్టాన్నీ మడమనూ కోయించి వాడాడు. 1934 మే 23న లూసియానాలో పోలీసులు మాటువేసి అతన్నీ, అతని తోడుదొంగ బానీ పార్కర్‌నూ కాల్చి చంపినప్పుడు వాళ్ల కారులో మూడు బార్‌లు దొరికాయి. మాటువేసిన పోలీసుల బృందం దగ్గరా ఒక బార్ ఉంది.

దొంగల చేతిలో అలాంటి ఆయుధాలుంటే పోలీసులు ఊరుకుంటారా? కోల్ట్ కంపెనీ 1931లో ‘మానిటర్’ పేరుతో బార్‌ను పొట్టిగా, పిస్టల్ పిడితో చేసి పోలీసులకు అమ్మజూపింది. చేసినవి 125 మాత్రమే. అందులో 90 ఎఫ్‌బీఐ కొనుక్కుంది. ఈనాడు మానిటర్‌కు చెందిన చిన్న ముక్క కనబడినా సేకర్తలు ఎగబడతారు.

బానీ, క్లైడ్ చనిపోయిన నెల తిరిగిందో లేదో, 1934 జూన్ 26న అమెరికాలో జాతీయ ఆయుధాల చట్టం వచ్చింది. 1929లో షికాగోలో ముఠాల మధ్య జరిగిన వాలెంటైన్స్ డే హత్యాకాండ నుంచీ రగులుతున్న ఆందోళన దానికి అసలు కారణం. మెషిన్ గన్‌ల సొంతదారులు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి. చేతులు మారినప్పుడల్లా 200 డాలర్ల పన్ను కట్టాలి. ఆ రోజుల్లో టామీ గన్ అనే చిన్న మెషిన్ గన్ ధర కూడా దాదాపు అంతే. కొనకుండా నిషేధించలేదు గానీ కొనాలన్న ఆశ చంపేశారు. మనం చెప్పుకోబోయే విడిభాగాల బజారుకు మొదటి పునాదిరాయి ఈ చట్టమే.

సైన్యమే ఊడదీసింది

రెండో పునాదిరాయి వేసింది సాక్షాత్తూ సైన్యం. నడుస్తూ కాల్చే తంత్రం మెషిన్ గన్‌ల ముందు పనిచేయదని తేలిపోయింది. గిన్నె బెల్టు మూలనపడింది. బార్‌ను ఇప్పుడు చిన్న మెషిన్ గన్‌లాగా నేల మీద పెట్టి పేల్చాలన్నారు. 1937లో ఎం1918ఏ1 వచ్చింది. దానికి ముందుభాగంలో రెండు కాళ్ల స్టాండు, మడమ చివర భుజం మీద ఆనే పట్టా. తర్వాత ఎం1918ఏ2. ఇందులో ఒక్కొక్క తూటా కాల్చే వీలు తీసేశారు. దాని బదులు నిమిషానికి 350 ప్రాంతంలో ఒక వేగం, 550 ప్రాంతంలో ఇంకో వేగం పెట్టారు. బరువు ఎనిమిదిన్నర కిలోలు దాటింది.

కొత్తవి చేయడంతో సరిపెట్టలేదు. గోదాముల్లోని 1918 నాటి తుపాకుల్నీ తెచ్చి ఏ2గా మార్చేశారు. పాత ముందు కర్ర, పాత మడమ, పాత ట్రిగ్గర్ సరంజామా ఊడదీసి పక్కన పడేశారు. మెరిసే నీలి ఛాయ పోయి, బూడిద రంగు ఫాస్ఫేట్ పూత వచ్చింది. మార్చకుండా మిగిలిన పాత తుపాకుల్లో 25,000 దాకా 1940లో బ్రిటన్‌కు వెళ్లాయి. డంకర్క్‌లో ఎన్నో ఆయుధాలు పోగొట్టుకున్న బ్రిటన్ వాటిని హోంగార్డులకిచ్చింది. బ్రిటిష్ తూటా .303, వీటిది .30-06. పొరపాటున ఒకటి బదులు ఇంకోటి కూరకుండా తుపాకీ చుట్టూ ఎర్రరంగు పట్టీ వేశారు. ఆ ఎర్రగీత ఆనవాళ్లున్న కర్రముక్క దొరికితే అది హోంగార్డు చేతిలో తిరిగిందని ఈనాటి సేకర్త గుర్తుపడతాడు.

ఇక కొత్తవి చేసిన కంపెనీల పేర్లు వింటే నవ్వొస్తుంది. తుపాకుల అనుభవం లేని కొన్ని కంపెనీలు కలిసి ‘న్యూ ఇంగ్లాండ్ స్మాల్ ఆర్మ్స్’ అనే సంస్థ పెట్టాయి. రెండో కంపెనీ ఐబీఎం. అవును, హైదరాబాద్ కుర్రాళ్లు ఉద్యోగాలు చేస్తున్న ఆ ఐబీఎమ్మే. అప్పట్లో అది లెక్కల యంత్రాల కంపెనీ. ఈ రెండూ కలిసి యుద్ధకాలంలో చేసిన బార్‌లు 2,08,000కు పైనే. అందులో ఐబీఎం వంతు 20,000 దాకా. కొరియా యుద్ధంలో కొరత వచ్చినప్పుడు టైపురైటర్లు చేసే రాయల్ కంపెనీ 61,000 దాకా చేసి ఇచ్చింది.

మోసినవాడి కష్టం

సిపాయి దృష్టిలో బార్ అంటే ముందు బరువు. 1937 నాటి బెల్టుకు ఆరు సంచులు, ఒక్కో సంచిలో రెండు మ్యాగజైన్లు, మొత్తం 240 తూటాలు. తూటాల బరువే ఆరు కిలోలు దాటుతుంది. పైన తుపాకీ, నీళ్లసీసా, పార. ఈ బరువుతో నార్మండీ ఒడ్డున ఇసుకలోనూ, పసిఫిక్ దీవుల అడవుల్లోనూ పరుగెత్తాలి. అందుకని చాలామంది చేసిన మొదటి పని రెండు కాళ్ల స్టాండును ఊడదీసి పారేయడం. మోసే పిడిని సైన్యం 1944 చివర్లో గానీ ఇవ్వలేదు. మడమ కింద పెట్టే ఒంటికాలు ఒకటి ఉండేది. దాన్ని పట్టించుకున్నవాడే తక్కువ.

తుపాకీ శుభ్రం చేయడం ఇంకో గొడవ. ఆనాటి తూటాలు పేలాక మిగిలే మసి ఇనుమును తినేసేది. పేల్చిన రోజు సాయంత్రమే గ్యాస్ పిస్టన్ కడిగి నూనె పూయకపోతే తెల్లారేసరికి తుప్పు. ఏ2 మడమలో వేగం తగ్గించే యంత్రాంగం ఉండేది. దాన్ని విప్పి శుభ్రం చేయడం తలనొప్పి. ఒక్కో తూటా కాల్చే పాత పద్ధతే మేలని మెరైన్లు అంటూండేవారు. ఇన్ని ఇబ్బందులున్నా 1944లో మెరైన్లు 13 మంది దళాన్ని మూడు జట్లుగా విడగొట్టి, జట్టుకో బార్ ఇచ్చారు. ఎంత తిట్టుకున్నా దాన్ని వదులుకోలేదన్నమాట.

పారేసిన ఆ స్టాండ్లకూ, పట్టించుకోని ఆ ఒంటికాళ్లకూ కాలం విలువ కట్టింది. అందరూ వాడి అరగదీసినదానికన్నా, ఎవరికీ అక్కర్లేక కనుమరుగైనదానికే ఈ బజారులో గిరాకీ ఎక్కువ.

ఒక్క నెల గడువు

రెండో యుద్ధం తర్వాత బార్‌లు కొన్ని జ్ఞాపికలుగా ఇళ్లకు చేరాయి. గొట్టం మూసేసి, వెల్డింగు చేసి పేలకుండా చేసిన తుపాకుల్ని పన్ను లేకుండా అమ్మేవారు. గోడకు వేలాడదీసుకునే వస్తువుగానే చూసేవారు. కెనడీ సోదరుల హత్యలు, మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత దేశం మనసు మారింది. 1968 అక్టోబరు 22న ఆయుధాల నియంత్రణ చట్టం మీద ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం చేశాడు. తుపాకీకి నడిబొడ్డు లాంటి ఇనుప పెట్టె ఉంటుంది, దాన్ని రిసీవర్ అంటారు. ఇకపై పేలినా పేలకపోయినా ఆ పెట్టె ఒక్కటీ ఉంటే చాలు, చట్టం దృష్టిలో అది మెషిన్ గన్నే.

దాచుకున్నవాళ్లకు నవంబరు 2 నుంచి డిసెంబరు 1 దాకా ఒక్క నెల గడువిచ్చారు. ఏ ప్రశ్నలూ ఉండవు, పన్ను ఉండదు, వచ్చి నమోదు చేయించుకోండి అన్నారు. వార్త చూసినవాళ్లు వెళ్లారు. చూడనివాళ్లు, నమ్మనివాళ్లు మిగిలిపోయారు. అలాంటి గడువు మళ్లీ ఎన్నడూ ఇవ్వలేదు. ఆనాడు నమోదు కాని బార్ ఈనాడు అటకమీద బయటపడితే, తాతగారి జ్ఞాపకమైనా సరే, దాచుకోవడం నేరం.

మిగతా తలుపు 1986 మే 19న మూసుకుంది. ఆ రోజు తర్వాత చేసిన ఏ మెషిన్ గన్‌నూ పౌరుల పేర నమోదు చేయరాదన్నారు. ఉన్నవి ఉన్నంతే. కొనేవాళ్లు పెరుగుతున్నారు, సరుకు పెరగదు. కొన్ని వందల డాలర్లకు అమ్ముడైన బార్ పదుల వేల డాలర్లకు పోయింది. మామూలు మనిషికి తుపాకీ అందని పండయింది. చేతికి అందేవి ముక్కలే.

ముక్కల బజారు

సైన్యం వదిలించుకునే తుపాకుల రిసీవర్‌ను గ్యాస్ మంటతో కోసి నాశనం చేసేవారు. మిగతా భాగాలు తూకానికీ, వేలానికీ పోయేవి. అమెరికా మిత్రదేశాలకిచ్చిన తుపాకులు కూడా అలాగే ముక్కలై తిరిగొచ్చాయి. ఒహాయో ఆర్డ్‌నెన్స్ వర్క్స్ లాంటి కంపెనీ ఈ పాత భాగాలకు కొత్త రిసీవర్ చేర్చి, ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక్క తూటాయే పేలే బార్‌లను అమ్మింది. 2005లో విదేశాల నుంచి అలాంటి తుపాకుల గొట్టాల దిగుమతిని ప్రభుత్వం ఆపేయడంతో, దేశంలో అప్పటికే ఉన్న గొట్టాలకు గిరాకీ ఇంకా పెరిగింది.

ఇంతకీ సేకర్తలు ఏం ఏరుకుంటారు? వారిలో రెండు తెగలున్నాయి. నమోదైన తుపాకీ ఉన్న కొద్దిమంది దానికి తగిన భాగాల కోసం వెతుకుతారు. రెండో తెగవాళ్లకు తుపాకీ ఉండదు, ఉండాలన్న ఆశా లేదు. వాళ్లు చుట్టుపక్కల సామాను సేకరిస్తారు. మ్యాగజైన్లు, బెల్టులు, తూటాలు మ్యాగజైన్‌లోకి ఎక్కించే చిన్న తొడుగు, అన్ని పనులకీ ఒకటే పనిముట్టు, నూనె డబ్బా, కాన్వాస్ గుడ్డ, సైన్యం అచ్చువేసిన సూచనల పుస్తకం. ఆదివారపు ఆయుధ సంతల్లో పాత గోనెల్లోంచి ఇవన్నీ చిన్నచిన్నగా బయటికొస్తాయి.

చూపు తేరినవాడు ముద్రలు చదువుతాడు. గొట్టం మూతి దగ్గర చేసినవారి గుర్తు, నెల, సంవత్సరం. బెల్టు లోపలివైపు కంపెనీ పేరు. మడమ కర్రదైతే ఒక కాలం, 1942 ప్రాంతం నుంచి వచ్చిన ప్లాస్టిక్ రకమైతే ఇంకో కాలం. ఈ వరసలో అందరికన్నా పైమెట్టు మీద కూర్చున్నది మనం గుర్తుపెట్టుకున్న ఆ గిన్నె బెల్టే. రెండు నెలల యుద్ధం కోసం కుట్టి, తంత్రం మారగానే పక్కన పడేసిన వస్తువు కదా, మిగిలినవి తక్కువ. గిరాకీ ఉన్నచోట నకిలీ పుడుతుంది. పాత యుద్ధాలను వేషాలు కట్టి ప్రదర్శించేవారి కోసం నిజాయితీగా చేసిన నమూనాల్నే టీలో నానబెట్టి, ఎండలో వేసి, 1918 నాటివని అంటగట్టేవాళ్లున్నారు. నేతా, దారమూ, బొత్తాల రకమూ తెలిసినవాడే మోసపోకుండా బయటపడతాడు.

ఈ బజారులో నిత్యం నడిచే తగాదా ఒకటుంది. ఒక వర్గం తుపాకీలోని ప్రతి ముక్కా ఒకే కంపెనీది, ఒకే ఏడాదిది అయి ఉండాలంటుంది. వించెస్టర్ తుపాకీలో మార్లిన్ ముక్క కనబడితే వాళ్లకు నిద్రపట్టదు. దాన్ని తీసి, వెతికి, ఖర్చుపెట్టి ‘అసలు’ ముక్క పెడతారు. ఇంకో వర్గం అది తప్పంటుంది. సైన్యం మరమ్మతు బల్లల మీద వేలాది తుపాకుల్ని విప్పి, ఏ డబ్బాలో ఏ ముక్క చేతికొస్తే అది బిగించింది. 1918లో వించెస్టర్ మొదటి 1,800 తుపాకుల దగ్గర పని ఆపింది కూడా ఆ వీలు కోసమే. ముక్కలు కలగలవడం బార్‌కు పుట్టుకతో ఉన్న గుణం. మార్లిన్ రిసీవర్, వించెస్టర్ బోల్టు, 1940ల నాటి గొట్టం, ఐబీఎం ట్రిగ్గర్ సరంజామాతో ఉన్న తుపాకీ రెండు యుద్ధాలు దాటి వచ్చిందని దాని ఒళ్లే చెబుతుంది. దాన్ని ‘శుద్ధి’ చేసి 1918కి తిప్పితే, ఆ తర్వాతి చరిత్రంతా చెరిపేసినట్టే. నా తీర్పు రెండో వర్గం వైపే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన దేశంలో ఈ సరదాకు చోటు లేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఆటోమేటిక్ తుపాకులు పౌరులకు నిషిద్ధం. పైగా ఆ చట్టం ఆయుధాలతోపాటు వాటి భాగాల్నీ ఆయుధాలుగానే లెక్కిస్తుంది. అమెరికాలో ఉంటున్న మనవాళ్లు ఎవరైనా సంతలో ఒక పాత ఇనుపముక్క చూసి ముచ్చటపడి సూట్‌కేసులో వేసుకుని శంషాబాద్‌లో దిగితే చిక్కుల్లో పడతారు. చూడాలనుకుంటే మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం ఇప్పుడు జాతీయ చారిత్రక స్థలం, అక్కడ చూడవచ్చు.

బార్ చేయలేకపోయిన పనొకటి ఉంది. దాని గొట్టం వేడెక్కితే రంగంలో చిటుక్కున మార్చే వీలు లేదు, మ్యాగజైన్‌లో 20 తూటాలే. ఈ రెండు లోపాలూ లేని తుపాకీ ఒకటి చెకోస్లోవాకియాలోని బ్రనో పట్టణంలో పుట్టి, ఇంగ్లాండ్‌లోని ఎన్‌ఫీల్డ్‌లో కొత్త పేరు పెట్టుకుని, బెంగాల్‌లోని ఇషాపూర్ కార్ఖానా దాకా వచ్చింది. బర్మా అడవుల్లోనూ ఇటలీ కొండల్లోనూ భారతీయ సిపాయి భుజాన తిరిగిన ఆ బ్రెన్ గన్ కథ వచ్చే భాగంలో.